దాదాపు ఏడేళ్లు బీమా లేకుండా: క్రైస్తవ హెల్త్ షేరింగ్ సభ్యత్వంపై ఒక సమీక్ష

2016 ఏప్రిల్‌లో నేను డల్లాస్‌లో ఉద్యోగం మాని సొంతంగా కన్సల్టింగ్ పని మొదలుపెట్టినప్పుడు, కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోయింది. నాకూ, నా భార్యకూ, ఆరేళ్ల కూతురికీ కలిపి, ప్రభుత్వం ఏర్పాటు చేసిన బీమా అమ్మకాల వేదిక అయిన మార్కెట్‌ప్లేస్‌లో ప్రీమియం నెలకు 1,050 డాలర్లు అయ్యేది. మా ఆదాయానికి ప్రీమియంలో ప్రభుత్వ సబ్సిడీ రాదు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో రెండు కుటుంబాలు అప్పటికే ఒక క్రైస్తవ హెల్త్ షేరింగ్ సంస్థలో ఉన్నాయి. వారి మాట మీద నెలకు 450 డాలర్లకు మేమూ చేరి, 2022 డిసెంబర్ వరకు కొనసాగాము. 2021లో పెంచిన సబ్సిడీలు 2025తో ముగిసిపోవడంతో సంఘంలో చాలామంది మళ్లీ ఈ దారి వైపు చూస్తున్నారు, నన్ను అడుగుతున్నారు. వారి కోసమే ఇది రాస్తున్నాను.

ఒకరి భారం ఒకరు మోయాలన్న గలతీ పత్రిక ఆరవ అధ్యాయం రెండవ వచనం ఈ సంస్థలన్నిటికీ పునాది. మా సంస్థలో చేరాలంటే విశ్వాస ప్రకటనపై సంతకం చేయాలి, పొగాకు ముట్టకూడదు, సంఘానికి క్రమంగా వెళుతున్నామని చూపాలి. ప్రతి నెలా ఒక వాటా కడతాము. వైద్య ఖర్చు వచ్చినప్పుడు మొదట కొంత మొత్తం మనమే భరిస్తే, మిగిలినది ఇతర సభ్యుల వాటాల నుంచి వస్తుంది. చూడటానికి ప్రీమియం, డిడక్టిబుల్ లాగే కనిపిస్తుంది. కానీ దరఖాస్తులోనే స్పష్టంగా రాసి ఉంటుంది: ఇది బీమా కాదు, మీ బిల్లు చెల్లిస్తామని ఎవరూ హామీ ఇవ్వడం లేదు, బిల్లుకు బాధ్యులు మీరే. నేను ఆ వాక్యం చదివాను. చట్టం కోసం రాసిన మాటలే అనుకుని సంతకం పెట్టాను.

మంచి ముందు చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా జరిగింది. 2017లో పాప మోచెయ్యి విరిగింది. ఆసుపత్రి కౌంటర్‌లో మమ్మల్ని బీమా లేనివారిగా, సెల్ఫ్ పే కింద రాసుకున్నారు. పద్దుల వారీ బిల్లు అడిగి తీసుకుని, బేరమాడి తగ్గించుకుని, సంస్థకు పంపితే, మా వంతు పోను మిగిలిన డబ్బంతా మూడున్నర నెలల్లో వచ్చింది. దానితోపాటు ఎప్పుడూ చూడని కుటుంబాల నుంచి, పాప పేరు రాసి ప్రార్థిస్తున్నామని కార్డులు వచ్చాయి. గుంటూరులో నా చిన్నతనంలో, ఆదివారం ఆరాధన అయ్యాక జబ్బుపడిన వారి కోసం ప్రత్యేక కానుక పట్టేవారు. ఆ కార్డులు చదివినప్పుడు నాకు అదే గుర్తుకొచ్చింది. 2018లో బాబు పుట్టినప్పుడు కూడా ప్రసవం ఖర్చు పూర్తిగా పంచుకున్నారు. ఆ ఇచ్చినవారి మనసును నేను ఈనాటికీ శంకించను.

చిక్కు మొదట చిన్న ఖర్చుల్లో కనిపించింది. 2019లో నాకు షుగర్ బయటపడింది. మన తెలుగు కుటుంబాల్లో ఇది ఎంత మామూలో చెప్పనక్కరలేదు. నిర్ధారణ పరీక్షలూ మొదటి కొన్ని నెలల మందులూ పంచుకున్నారు. ఆ తర్వాత మందులు, మూడు నెలలకోసారి రక్తంలో చక్కెర సగటు చూసే ఏ1సీ పరీక్ష, స్ట్రిప్పులు, డాక్టర్ ఫీజు అన్నీ మావే. ఏడాదికోసారి చేయించుకునే సాధారణ పరీక్షలు, పిల్లల టీకాలు, మానసిక చికిత్స మా నియమావళి పరిధిలోకి రావు. అదే 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం కింద అమ్మే పాలసీ అయితే, మందులతో సహా పది రకాల ప్రాథమిక సేవలు తప్పనిసరిగా ఇవ్వాలి. టీకాలకూ నివారణ పరీక్షలకూ డబ్బు తీసుకోకూడదు.

అసలు దెబ్బ 2022 మార్చిలో తగిలింది. నా భార్యకు అర్ధరాత్రి భరించలేని కడుపునొప్పి వస్తే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాము, మరుసటి రోజు పిత్తాశయం తీసేశారు. మొత్తం బిల్లు 41,000 డాలర్లు. ఆ జనవరి నుంచి అమలులోకి వచ్చిన సర్‌ప్రైజ్ బిల్లుల నిషేధ చట్టం బీమా ఉన్నవారికి ఎమర్జెన్సీ బిల్లుల నుంచి ఇచ్చే రక్షణ మాకు వర్తించలేదు. మత్తు డాక్టర్ బిల్లు విడిగా వచ్చింది. సంస్థ ఆమె పాత వైద్య రికార్డులన్నీ అడిగింది. జులైలో జవాబు వచ్చింది: ఇది చేరకముందే ఉన్న జబ్బు, కాబట్టి పంచుకోవడం కుదరదు. 2015లో ఒకసారి కడుపునొప్పితో వెళ్లినప్పుడు ఎసిడిటీ అని చెప్పి పంపేశారు. కానీ అప్పటి స్కానింగ్ రిపోర్టులో చిన్న రాళ్లు ఉండవచ్చని ఒక మాట ఉంది. మాకు ఎవరూ చెప్పలేదు. లక్షణాలు లేకుండా కొన్నేళ్లు గడిస్తే పాత జబ్బును కూడా అంగీకరించే నియమం ఉంది గానీ, 2018లో ఒక డాక్టర్‌తో ఆమె మామూలుగా ప్రస్తావించిన నొప్పిని లెక్కలోకి తీసుకుని ఆ గడువు తెగిపోయిందన్నారు.

అప్పీలు చేశాము. విన్నదీ తీర్పు చెప్పినదీ సంస్థ నియమాల ప్రకారం ఏర్పడిన బృందమే, నిర్ణయం మారలేదు. టెక్సస్ బీమా శాఖను సంప్రదిస్తే, ఈ సంస్థలు బీమా చట్టం కిందికి రావని, రాష్ట్ర చట్టమే వాటికి ఆ మినహాయింపు ఇచ్చిందని తెలిసింది. బీమా కంపెనీ అయితే 2014 నుంచి పాత జబ్బు పేరుతో నిరాకరించే వీలే లేదు, చికిత్స అవసరం లేదనడం లాంటి వైద్యపరమైన కారణంతో నిరాకరిస్తే బయటి స్వతంత్ర సమీక్ష కోరే హక్కు ఉంటుంది. మాకు ఉన్నది విన్నపం మాత్రమే. ఆసుపత్రిని రాయితీ అడిగి 22,600 డాలర్లకు ఒప్పించుకుని, 24 వాయిదాల్లో కట్టాము.

వెంటనే బీమాలోకి మారదామంటే అదీ కుదరలేదు. షేరింగ్ సభ్యత్వాన్ని చట్టం కనీస బీమాగా గుర్తించదు కాబట్టి, దాన్ని వదులుకున్నంత మాత్రాన మధ్యలో చేరే అవకాశం రాదు. నవంబర్ 1న నమోదు మొదలయ్యేదాకా ఆగాలి, పాలసీ జనవరిలో మొదలవుతుంది. ఆ ఐదు నెలలూ పిల్లలకు జ్వరం వచ్చినా మాకు నిద్ర పట్టలేదు.

పైపై లెక్కకు మేము నష్టపోలేదని నిజాయితీగా ఒప్పుకుంటాను. 2016 నాటి తేడాతో చూస్తే 81 నెలల్లో వాటాకూ ప్రీమియంకూ మధ్య మిగిలినది 48,600 డాలర్లు. ఆపరేషన్, నా షుగర్ ఖర్చు, పిల్లల టీకాలు కలిపి చేతి నుంచి పెట్టినది సుమారు 36,000. అయితే 2021, 2022లో మాకూ సబ్సిడీ వచ్చి ఉండేది. నేను పాత లెక్కను మళ్లీ చూసుకోలేదు. వాటాకు సబ్సిడీ వర్తించదు, దాని ఆధారంగా, వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా పొదుపు చేసుకునే హెచ్‌ఎస్‌ఏ ఖాతాలోనూ జమ చేయలేము. అన్నిటికీ మించి, అది క్యాన్సర్ అయి ఉంటే ఈ కూడికలకు అర్థమే ఉండేది కాదు. బీమాలో నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల దగ్గర, తీసుకునే సేవలకు కుటుంబం ఏడాదిలో పెట్టవలసిన ఖర్చుకు చట్టం ఒక పరిమితి పెట్టింది. 2026లో అది 21,200 డాలర్లు. నిరాకరించిన షేరింగ్ బిల్లుకు అలాంటి గీత ఎక్కడా లేదు.

సంస్థే కూలిపోతే? 2021 జులైలో షారిటీ మినిస్ట్రీస్ అనే మరో షేరింగ్ సంస్థ దివాలా తీసినప్పుడు, ఏళ్ల తరబడి వాటాలు కట్టిన సభ్యుల చేతుల్లో చెల్లించని ఆసుపత్రి బిల్లులు మిగిలాయి. దాన్ని నడిపించిన అలియెరా కంపెనీపై 2022లో కాలిఫోర్నియా ప్రభుత్వం వేసిన దావాలో, సభ్యుల ప్రతి డాలర్‌లో 16 సెంట్ల వరకే వైద్యానికి వెళ్లిందన్న ఆరోపణ ఉంది. కుటుంబాలకు పాలసీలు అమ్మే బీమా కంపెనీ ప్రీమియంలో కనీసం 80 శాతం వైద్యానికి ఖర్చు చేయాలి, అది దివాలా తీస్తే రాష్ట్ర హామీ సంఘం పరిమితుల మేరకు బిల్లులు చూసుకుంటుంది. అన్ని షేరింగ్ సంస్థలూ షారిటీ లాంటివని నేను అనను. దశాబ్దాలుగా నిలిచినవి ఉన్నాయి. కాకపోతే వాటిని నిలబెడుతున్నది సద్భావమే, చట్టం కాదు.

షుగర్, బీపీ, థైరాయిడ్ ఇంట్లో ఎవరికి ఉన్నా చేరవద్దనే నేను చెబుతాను. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవారు చేరాలనుకుంటే, సంతకానికి ముందే ఇంట్లో ప్రతి ఒక్కరి పాత వైద్య రికార్డులు, స్కానింగ్ రిపోర్టులతో సహా, తెప్పించుకుని వరుసగా చదవాలి. నా భార్య రికార్డులను మేము మొదటిసారి చదివింది 2022 జులైలో, నిరాకరణ ఉత్తరం వచ్చిన తర్వాత.