ఫోర్ట్ వర్త్ నుంచి లబ్బక్ దాకా: టెక్సస్ పశువుల దారిలో ఏది ఆగి చూడాలి, ఏది వదిలేయొచ్చు

డాలస్‌లో ఉండే తెలుగువాళ్ళ ఇంటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఓ శనివారం ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి తీసుకెళ్ళడం మామూలే. పొడుగు కొమ్ముల ఎద్దులు రోడ్డు మీద నడుస్తాయి, ఫొటోలు దిగుతారు, టోపీ కొంటారు, వచ్చేస్తారు. అయితే అది పశువుల్ని అమ్మి రైలెక్కించిన చోటు. పెద్ద రాంచ్‌లు, అంటే పశువుల్ని పెంచే విశాలమైన క్షేత్రాలు, వెలసిన నేల చూడాలంటే ఇంకో మూడొందల మైళ్ళకు పైగా వాయవ్యంగా, టెక్సస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌కి వెళ్ళాలి. లాంగ్ వీకెండ్‌కి ఒక రోజు సెలవు కలుపుకుంటే 287 హైవే మీద అమరిల్లో వెళ్ళి, లబ్బక్ మీదుగా తిరిగి రావచ్చు.

స్టాక్‌యార్డ్స్‌లో ఎద్దుల నడక రోజుకు రెండుసార్లు, పదకొండున్నరకీ సాయంత్రం నాలుక్కీ. టికెట్ లేదు. వాన, ఉరుములు ఉంటే రద్దు. ఈస్ట్ ఎక్స్ఛేంజ్ అవెన్యూలో లైవ్‌స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం ముందున్న పచ్చిక దగ్గర అరగంట ముందే నిలబడితే పిల్లలకు బాగా కనిపిస్తుంది. ఓ పదిహేను, ఇరవై ఎద్దులు మెల్లగా నడిచిపోతాయి, పది నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద మంద పరుగెత్తుకొస్తుందని ఊహించుకున్నవాళ్ళు నిరాశపడతారు. చరిత్ర మాత్రం నిజమైనదే. 1867 నుంచి చిజమ్ దారిలో కాన్సస్ రైలు స్టేషన్లకు తోలుకెళ్ళే మందలకు ఇది మజిలీ. 1876లో రైలు ఈ ఊరిదాకా వచ్చింది. 1902లో స్విఫ్ట్, ఆర్మర్ కంపెనీలు మాంసం ఫ్యాక్టరీలు కట్టడం మొదలుపెట్టాక ఇది దేశంలోని పెద్ద పశువుల సంతల్లో ఒకటైంది. కాన్సస్ దారి మూతపడడానికి సగం కారణం గోమార్లు, పశువుల రక్తం పీల్చే పురుగులు. టెక్సస్ పశువుల ఒంటి మీది గోమార్ల వల్ల ఉత్తరాది పశువులు జ్వరమొచ్చి చచ్చిపోతుంటే 1885లో కాన్సస్ వాటిని రానివ్వమంది. మిగతా సగం దారికి అడ్డంగా వెలిసిన ముళ్ళకంచె. పార్కింగ్‌కి డబ్బులు పడతాయి, శనివారం మధ్యాహ్నానికే నిండిపోతుంది. శుక్ర, శనివారాల రాత్రి కౌటౌన్ కొలీజియంలో రోడియో, అంటే కౌబాయ్‌ల పోటీలు, ఉంటుంది. ఉన్న సమయంలో దుకాణాలు తగ్గించుకుని దానికి వెళ్ళడం మేలు.

అక్కడ రాత్రి ఉంటే గది అద్దె ఎక్కువ, వారాంతంలో సంగీతం హోరు. ఊళ్ళో వేరేచోట పడుకుని పొద్దున్నే 287 ఎక్కడం నయం. అమరిల్లోకి అయిదున్నర గంటల దారి. మధ్యలో పెట్రోలు బంకులు, శుభ్రమైన బాత్రూములు విచిటా ఫాల్స్, చిల్డ్రెస్‌లలో దొరుకుతాయి, మిగతాచోట్ల ఆశ పెట్టుకోవద్దు. క్లారెండన్ దాటాక గుడ్‌నైట్ అనే చిన్న ఊరు. 1887లో చార్లెస్ గుడ్‌నైట్ అనే పేరున్న రాంచర్ కట్టుకున్న ఇల్లు అక్కడ చూడొచ్చు. మందల వెంట వెళ్ళే వంటబండి, చక్ వ్యాగన్, 1866లో ఆయన చేయించిందే. గంటలో అయిపోయే మజిలీ.

పాలో డ్యూరో కాన్యన్‌కి మాత్రం పూర్తిగా ఒక రోజు ఇవ్వాలి. 1876లో గుడ్‌నైట్ 1,600 పశువుల్ని ఈ లోయలోకి దింపాడు. లోయ గోడలే కంచె, అడుగున ఏరు, చలిగాలి తగలదు. మరుసటి ఏడు జాన్ అడైర్ పెట్టుబడితో జె.ఎ. రాంచ్ మొదలైంది. కానీ గుడ్‌నైట్ రాకకు రెండేళ్ళ ముందు, 1874 సెప్టెంబరు 28న, కర్నల్ మెకెంజీ నడిపిన అమెరికా సైన్యం ఇదే లోయలో కొమాంచీ, కయోవా, షాయెన్ ఆదివాసీ తెగల గుడారాల మీద పడింది. మనుషులు చాలామంది తప్పించుకున్నారు. పట్టుబడిన గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్చి చంపారు. గుర్రాలూ, చలికాలపు తిండీ పోతే మైదానంలో బతుకు లేదు, వాళ్ళంతా రిజర్వేషన్‌కి, అంటే ప్రభుత్వం తమకు కేటాయించిన ప్రాంతానికి, చేరక తప్పలేదు. గుడ్‌నైట్ దిగింది ఖాళీ లోయలోకి కాదు, ఖాళీ చేయించిన లోయలోకి.

పార్కులో లైట్‌హౌస్ ట్రెయిల్ రానూపోనూ ఆరు మైళ్ళు. వేసవిలో లోయ అడుగున వంద ఫారెన్‌హీట్ దాటుతుంది, నీడ లేదు. తెల్లవారగానే నడక మొదలుపెట్టి, మనిషికి గంటకో లీటరు చొప్పున నీళ్ళు మొయ్యాలి. పెద్దవాళ్ళతో వెళ్తే ఈ నడక మానేసి కారులో లోయ అడుగంతా తిరిగినా చాలు. గట్టి వాన పడితే ఏటిని దాటే లోతట్టు రోడ్లు మూసేస్తారు. బసకి అంచు మీద మూడు రాతి కాటేజీలున్నాయి, బాత్రూముతో సహా. అయిదు నెలల ముందు బుకింగ్ తెరుచుకున్నప్పుడే పట్టుకోవాలి. అడుగున ఉన్న కౌ క్యాంప్ గదులు చవక. ఏసీ ఉంటుంది, బాత్రూము బయట, దుప్పట్లు మనవే.

అమరిల్లోలో హోటళ్ళు ఎక్కువ భాగం ఐ-40 పక్కనే. లారీల మోత ఉంటుంది, హైవేకి దూరంగా వెనకవైపు గది అడగండి. ఇక వాసన. నైరుతి గాలి వీస్తే హెరిఫర్డ్ వైపు ఫీడ్‌లాట్ల కంపు ఊరంతా కమ్ముతుంది, హోటలు మారినా లాభం లేదు. ఫీడ్‌లాట్ అంటే ఆరేడు వందల పౌండ్ల కోడెల్ని తెచ్చి, నాలుగైదు నెలలకు పైగా మొక్కజొన్న దాణా పెట్టి, పదమూడు వందల పౌండ్లు దాటాక కబేళాకి పంపే చోటు. హెరిఫర్డ్ మీదుగా 60వ నంబరు రోడ్డులో వెళ్తే కారులోంచే కనిపిస్తాయి. లోపలికి రానివ్వరు, గేటు దగ్గర ఆగి ఫొటోలు తీయడం వాళ్ళకి నచ్చదు.

తిండి విషయంలో జాగ్రత్త. చికెన్ ఫ్రైడ్ స్టేక్ పేరులో చికెన్ ఉన్నా అది గొడ్డుమాంసమే. పింటో బీన్స్‌లో చాలాచోట్ల పందిమాంసం ముక్కలు వేస్తారు, అడిగి తీసుకోవాలి. శాకాహారులకు రెండు పూటల పులిహోర వెంట ఉంటే గొడవే లేదు.

పశువుల వేలం చూడాలనుకునేవాళ్ళు వారంలో ఒక రోజు మిగుల్చుకోవాలి. సేల్ బార్న్‌లలో, అంటే వేలం జరిగే షెడ్లలో, శని, ఆదివారాల్లో అమ్మకాలు తక్కువ. ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, టికెట్ ఉండదు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని చేసే మన సంత బేరానికి ఇది పూర్తిగా తలకిందులు. బరువు బోర్డు మీద వెలుగుతుంది, పాట అందరికీ వినిపిస్తుంది, ఒక్కో లాట్ అర నిమిషంలో అయిపోతుంది. ధర వంద పౌండ్లకు చెబుతారు. నాలుగు వందలంటే 550 పౌండ్ల కోడె 2,200 డాలర్లు. చెయ్యి పైకెత్తి ఫోన్‌తో వీడియో తీయకండి, పాట పాడారనుకుంటారు.

అక్కడి మాటలన్నీ ఇప్పుడు రెండు విషయాల చుట్టూ తిరుగుతుంటాయి. 2025 జనవరి లెక్కలో దేశంలో పశువులు 8.67 కోట్లు, 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ లేదు. కరువుకు మేత లేక ఆవుల్నే అమ్మేసుకున్నారు. మందను మళ్ళీ పెంచాలంటే పెయ్యల్ని అమ్మకుండా ఆపాలి, అందుకే ధరలు చుక్కల్లో ఉన్నాయి. రెండోది స్క్రూవార్మ్, పుండులో పడి బతికున్న మాంసం తినే ఈగపురుగు. 2024 నవంబరులో దక్షిణ మెక్సికోలో కనబడగానే అక్కడి పశువుల దిగుమతి ఆపారు, మళ్ళీ తెరిచి, 2025లో మళ్ళీ మూశారు. ఆడ ఈగ ఒక్కసారే జత కడుతుంది కాబట్టి సంతానం కలగకుండా చేసిన మగ ఈగల్ని కోట్లలో వదిలి అదుపు చేస్తారు. పాన్‌హ్యాండిల్ ఈశాన్యంలో 2024 ఫిబ్రవరి నాటి స్మోక్‌హౌస్ క్రీక్ మంట పది లక్షల ఎకరాలకు పైగా కాల్చేసింది. కొత్త కంచెలు కనిపిస్తే కారణం అదే కావచ్చు.

అమరిల్లోకి తూర్పున మెక్లీన్‌లో ముళ్ళకంచెల మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం, చలికాలంలో మూత. సమయముంటేనే వెళ్ళండి. కాప్రాక్ కాన్యన్స్ పార్కులో గుడ్‌నైట్ దంపతులు కాపాడిన అడవిదున్నల (బైసన్) సంతతి రోడ్ల మీదే తిరుగుతుంటుంది. యాభై గజాలు దూరం పాటించాలి.

మొత్తం దారిలో ఒక్కచోటే చూడగలిగితే లబ్బక్‌లోని నేషనల్ రాంచింగ్ హెరిటేజ్ సెంటర్ చూడండి. ప్రవేశం ఉచితం. రాంచ్‌ల నుంచి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన యాభై దాకా పాత కట్టడాలు కాలక్రమంలో వరసగా ఉంటాయి. చెట్టులేని మైదానంలో కలప దొరక్క సగం భూమిలోకి తవ్వుకున్న మాటడోర్ రాంచ్ గది చూస్తే అక్కడి చలి అర్థమవుతుంది. 1886 నాటి లాస్ ఎస్కార్బడాస్ రాతి ఇల్లు ఎక్స్.ఐ.టి. రాంచ్‌ది. ఆస్టిన్‌లో శాసనసభ భవనం కట్టించినందుకు కూలి బదులు రాష్ట్రం ఇచ్చిన ముప్పై లక్షల ఎకరాల రాంచ్ అది. ఆ రోజుల్లోనే పాన్‌హ్యాండిల్‌కి అడ్డంగా రాంచర్లు కంచె వేశారు, ఉత్తరాది పశువులు తమ మేత మీద పడకుండా. 1886 జనవరి మంచుతుపానులో దక్షిణానికి మళ్ళిన మందలు ఆ కంచెకి ఆనుకుని వేలల్లో చచ్చిపోయాయి.

అక్కడి గాలిమరల దగ్గర తొందరపడకండి. చక్రం తిరిగితే కడ్డీ పైకీ కిందికీ ఆడి, బోరు అడుగున సిలిండర్‌లోని తోలు వాషర్లు నీళ్ళు లాగుతాయి. ఇసుక వస్తే ఆ తోళ్ళు అరిగి నీళ్ళు పడవు. అప్పుడు పైపులన్నీ పైకి లాగాలి. దీని మీద ఇంకా చూడాలనిపిస్తే ఊళ్ళోనే అమెరికన్ విండ్‌మిల్ మ్యూజియం ఉంది. రెండిట్లోనూ ఆరుబయట నడక ఎక్కువ, పెద్దవాళ్ళుంటే పొద్దున్నే వెళ్ళి, మధ్యాహ్నం రెండు లోపు బయల్దేరితే రాత్రి భోజనానికి డాలస్ చేరొచ్చు.