ఇండిగో, ఎయిరిండియా: స్వాట్ గళ్లలో పెట్టి చూస్తే

స్వాట్ పట్టికలో బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అనే నాలుగు గళ్లు నింపడం తేలికే. ఒకే విషయం పోటీదారులిద్దరికీ వేర్వేరు గళ్లలో పడినప్పుడే అసలు వ్యూహం బయటపడుతుంది. 2006లో సేవలు ప్రారంభించిన ఇండిగో బలమంతా ఏకరూపతలో ఉంది: విమానాల్లో అత్యధికం ఎయిర్‌బస్ ఏ320 కుటుంబానివే కావడంతో పైలట్ల శిక్షణ, విడిభాగాల నిల్వ, మరమ్మతుల ఖర్చు తగ్గాయి, దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా వాటా దక్కింది. అయితే ఆ విమానాల్లో చాలావాటికి అమర్చిన ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఇంజిన్లలో లోపం బయటపడిన తరువాత డజన్లకొద్దీ విమానాలు నేలమీదే నిలిచిపోయాయి. అంటే, బలహీనతల గడిలో రాయవలసిందీ ఆ ఏకరూపతనే.

2022 జనవరిలో తిరిగి టాటాల చేతికి వచ్చిన ఎయిరిండియా సంగతి వేరు. ఢిల్లీ నుంచి అమెరికాకు ఎక్కడా ఆగకుండా వెళ్లగల పెద్ద విమానాలు, విదేశీ విమానాశ్రయాల్లోని స్లాట్లు (విమానం దిగడానికి, ఎగరడానికి కేటాయించిన వేళలు) దాని ఆస్తి. పాతబడిన సీట్లు, క్యాబిన్లు దాని భారం. 2023లో ప్రకటించిన 470 విమానాల ఆర్డరును చాలామంది బలంగా లెక్కగడతారు కానీ, చేతికందేదాకా అది అవకాశం మాత్రమే. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూతపడటం ఇద్దరికీ ముప్పే అయినా, పశ్చిమ దేశాలకు దూరప్రయాణాలు ఎక్కువగా నడిపే ఎయిరిండియాకే ఇంధనం ఖర్చు గట్టిగా తగిలింది.