టెంపో ట్రైనర్ ప్రో: చాలాకాలం వాడాక, స్ట్రోక్ రేట్ తేల్చుకునే పద్ధతితో సహా

ఫినిస్ కంపెనీ టెంపో ట్రైనర్ ప్రో చేసే పని ఒక్కటే. మనం పెట్టిన వ్యవధికి ఒకసారి చెవి దగ్గర బీప్‌మంటుంది. బొత్తాం అంత వస్తువు, స్విమ్ క్యాప్ కింద దూరుతుంది. ఫ్రీస్టైల్‌లో టైమింగ్ మెరుగుపడక ఒకేచోట ఆగిపోయినవాళ్లకు కాళ్లకు తొడిగే ఫిన్స్, చేతులకు పెట్టుకునే ప్యాడిల్స్ కన్నా ఇదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా గట్టి అభిప్రాయం. అయితే మీకు సరిపోయే స్ట్రోక్ రేటు, అంటే ఎంతసేపటికి ఒక చెయ్యి వెయ్యాలో, ఇది చెప్పదు, అది మనమే తేల్చుకోవాలి. కొన్నవాళ్లలో చాలామంది ఆ పని చెయ్యకుండానే బ్యాగులో పడేస్తారు.

ఇందులో మూడు మోడ్‌లున్నాయి. మోడ్ 1లో సెకనులో నూరో వంతు వరకు వ్యవధి పెట్టొచ్చు. మోడ్ 2 నిమిషాలు, సెకన్లలో ల్యాప్‌ల కోసం. మోడ్ 3లో నిమిషానికి ఎన్ని స్ట్రోకులు కావాలో పెట్టొచ్చు. నేను సిఫారసు చేసేది మోడ్ 1. అందులో 1.10 పెడితే 1.10 సెకన్లకు ఒక చెయ్యి నీళ్లలో పడాలి, అంటే నిమిషానికి సుమారు 55 స్ట్రోకులు. ఎడమది ఒకటి, కుడిది ఒకటి, విడివిడిగా లెక్క. గార్మిన్ వాచీ మాత్రం కట్టుకున్న చేతినే లెక్కపెడుతుంది కాబట్టి దానిలో 28 చూపిస్తే ఇక్కడ 56 అనుకోవాలి, మోడ్ 1లో 1.07. ఈ తేడా పట్టించుకోక సగం రేటు పెట్టుకుని, పరికరం పనిచెయ్యట్లేదనేవాళ్లు తరచూ కనిపిస్తారు.

ముందు ఇప్పుడున్న రేటు తెలియాలి. మామూలు వేగంతో ఈదుతుండగా, లేన్ మధ్యలో పది స్ట్రోకులకు ఎంతసేపు పట్టిందో గట్టుమీద ఒకరు స్టాప్‌వాచ్‌తో చూడాలి. మొదటి చెయ్యి పడ్డప్పుడు 'సున్నా' అనే మొదలుపెట్టాలి. 'ఒకటి' అంటే లెక్కకొచ్చేది తొమ్మిది స్ట్రోకులే, ఫలితం పది శాతం తప్పుతుంది. పది స్ట్రోకులకు 12 సెకన్లయితే మీది 1.20.

ఆ తర్వాత అసలు పరీక్ష. మీ రేటు కన్నా 0.10 నెమ్మదిగా, అంటే 1.30 దగ్గర మొదలుపెట్టి, ప్రతి 50 మీటర్లకూ 0.05 తగ్గిస్తూ 0.95 వరకు రావాలి. మొత్తం ఎనిమిది సార్లు, మధ్యలో 30 సెకన్ల విశ్రాంతి. ప్రతిసారీ మూడు సంగతులు రాసుకోవాలి: పట్టిన సమయం, ఒక్కో లెంగ్త్‌కు, అంటే పూల్ ఈ కొస నుంచి ఆ కొసకు, స్ట్రోకులు, పదికి ఎంత కష్టంగా అనిపించింది. ఒక్క సమయమే రాసుకుంటే ఈ పరీక్ష దండగ.

లెక్క ఎలా పనిచేస్తుందో చూడండి. 25 మీటర్ల పూల్, గోడ తన్ని మొదటి స్ట్రోక్ దాకా 3 సెకన్లు అనుకుందాం. 1.20 దగ్గర 18 స్ట్రోకులు పడితే 24.6 సెకన్లు. 1.10 దగ్గర ఒక స్ట్రోక్ పెరిగి 19 అయినా 23.9కి దిగుతుంది. 1.05 దగ్గర 20 పడితే 24.0. 1.00కి వచ్చేసరికి 22 పడితే 25.0. చెయ్యి వేగంగానే తిరుగుతోంది, కానీ నీటిని పట్టకుండా జారిపోతోంది. ఈ మనిషికి సరైన చోటు 1.05, 1.10ల మధ్య. ఆ రెండింటిలో కష్టం తక్కువ అనిపించినది ఎంచుకోవాలి.

అందరికీ ఒకే అంకె ఉండదు. 1.98 మీటర్ల పొడవున్న చైనా ఈతగాడు సున్ యాంగ్ పొడవాటి, నిదానమైన స్ట్రోకుతో 2012 లండన్‌లో 1500 మీటర్ల ప్రపంచ రికార్డు ఈదాడు. పొట్టిగా ఉండే అమెరికా ఈతగత్తె జానెట్ ఎవాన్స్ చేతులు గిరగిరా తిప్పుతూ 1988 సియోల్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది.

బీప్ అందుకోలేకపోతే ముందు చూడాల్సింది ముందుకు చాచిన చెయ్యి. చాలామంది దాన్ని అక్కడే వదిలేసి తేలుతుంటారు. ఆ క్షణంలో వేగం పడిపోతుంది, మళ్లీ తెచ్చుకోవడానికి బలం ఖర్చవుతుంది. చెయ్యి పూర్తిగా చాచగానే మోచెయ్యి పైనే ఉంచి, వేళ్లు కిందికి వంచి నీటిని పట్టడం మొదలుపెడితే 0.05 సెకన్లు సులువుగానే దొరుకుతాయి. ఊపిరి తీసుకున్న స్ట్రోకే ప్రతిసారీ వెనకబడుతుంటే తల మరీ పైకెత్తుతున్నారని, లేదా ఆలస్యంగా తిప్పుతున్నారని అర్థం. నీళ్లలో గాలి పూర్తిగా వదిలేసి తల తిప్పితే సర్దుకుంటుంది. చేతుల్ని తొందరపెట్టి అందుకుంటే మాత్రం స్ట్రోక్ పొట్టిదై భుజం నొప్పి పట్టుకుంటుంది.

రేటు పెంచదల్చుకుంటే 0.02 చొప్పున మార్చాలి. ఒక్కో మెట్టు మీద ఒకటి రెండు వారాలు ఉండాలి. ఒక 50 మీటర్లు బీప్‌తో, ఇంకో 50 మీటర్లు బీప్ లేకుండా ఈదితేనే లయ ఒంటికి పడుతుంది. సముద్రంలో ఈదేవాళ్లు, విశాఖ తీరంలో అయినా సరే, పూల్ అంకె కన్నా కొంచెం వేగమైన రేటు సాధన చెయ్యాలి. చెయ్యి చాచి తేలిపోయే పొడవాటి గ్లైడ్‌ని అల అక్కడికక్కడే ఆపేస్తుంది.

25 మీటర్ల పూల్‌లో, మోడ్ 1లో 27.50 పెట్టి ప్రతి బీప్‌కీ గోడ అందుకుంటే 100 మీటర్లు సరిగ్గా 1:50లో వస్తాయి. మోడ్ 2 పూర్తి సెకన్లకే పరిమితం కాబట్టి దీనికీ మోడ్ 1 మేలు.

లోపాలూ ఉన్నాయి. గాగుల్స్ పట్టీకి తగిలిస్తే డైవ్ చేసినప్పుడో గోడ తన్నినప్పుడో ఊడిపోతుంది. సిలికాన్ క్యాప్ కింద, చెవి వెనక ఎముకకు ఆనించి పెడితే కదలదు, శబ్దమూ స్పష్టంగా వస్తుంది. బ్యాటరీ మార్చుకునే వీలుంది. మార్చేటప్పుడు మూత అంచున వెంట్రుక, నలుసు ఏదీ లేకుండా తుడవాలి, లేకపోతే నీరు దిగుతుంది. క్లోరిన్ పూల్ నుంచి రాగానే మంచినీళ్లతో కడగాలి.

ఆగకుండా 200 మీటర్లు ఈదలేనివాళ్లు ఇప్పుడే కొనక్కర్లేదు. 15 మీటర్ల అపార్ట్‌మెంట్ పూల్‌లో మాత్రమే ఈదేవాళ్లకూ పెద్దగా ఉపయోగం ఉండదు, లయ కుదిరేలోపే గోడ వచ్చేస్తుంది.