హ్యూస్టన్‌లో నాలుగు రోజులు, మా అమ్మాయి రోబో వెంట

2025 ఏప్రిల్‌లో మా అమ్మాయి వాళ్ల టీమ్‌తో అట్లాంటా నుంచి హ్యూస్టన్ వెళ్లాం, ఫస్ట్ రోబోటిక్స్ ఛాంపియన్‌షిప్‌కి. బడి పిల్లలు తామే కట్టిన రోబోలతో ఆడే పోటీ ఇది. వెళ్లబోయే తల్లిదండ్రులకు ముందే ఒక మాట. ఖర్చు ఎక్కడైనా తగ్గించుకోండి కానీ, బస మాత్రం జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకోండి.

మేం తీసుకోలేదు. రేటు తక్కువని ఐదు మైళ్ల అవతల దిగాం. షటిల్ ఉందన్నారు. మొదటిరోజు పొద్దున్నే టీమంతా నలభై నిమిషాలు హోటల్ గుమ్మంలో నిలబడినా అది రాలేదు. ఆరోజే ఇన్‌స్పెక్షన్. బరువు, బంపర్లు, వైరింగ్ అన్నీ చూసి స్టిక్కర్ వేస్తేగానీ రోబో ఆటలోకి దిగదు. పిల్లల టెన్షన్ చూడలేక క్యాబ్‌లు పిలిచాం. హిల్టన్, మారియట్ మార్క్వీ హోటళ్లు రెండిటి నుంచీ హాల్లోకి నేరుగా వంతెన దారి ఉంది. అంత పెట్టలేకపోతే మెట్రో రైలు లైన్ మీద గది చూసుకోండి. టికెట్ 1.25 డాలర్లే, హాలు దగ్గరే స్టేషన్. విమానానికి బుష్ కంటే హాబీ ఎయిర్‌పోర్ట్ దగ్గర.

ఇక్కడిదాకా రావడమే పెద్ద పని. జనవరి 4న కిక్‌ఆఫ్‌లో, అంటే సీజన్ మొదలయ్యే రోజున, ఆ ఏడాది ఆట ఏమిటో అందరికీ ఒకేసారి చెప్పారు. రోబో పీవీసీ పైపుల్ని ‘రీఫ్’ అనే పగడపు దిబ్బలాంటి కట్టడం కొమ్మలకు తొడగాలి, చివర్లో వేలాడే బోను పట్టుకుని పైకి లేవాలి. రోబో 115 పౌండ్లు దాటకూడదు. జార్జియాలో డిస్ట్రిక్ట్ పద్ధతి కాబట్టి రెండు పోటీలు ఆడి, పాయింట్లతో డిస్ట్రిక్ట్ ఛాంపియన్‌షిప్‌కి, అక్కణ్ణుంచి ఇక్కడికి. ఆ మూడున్నర నెలలూ మా ఇంట్లో రాత్రి భోజనాలు తొమ్మిది తర్వాతే.

ప్రవేశం ఉచితం. టీముల్ని ఎనిమిది డివిజన్లుగా, అంటే గుంపులుగా విడదీశారు, ఒక్కోదానిలో దాదాపు 75 టీములు. స్టాండ్స్‌లో కూర్చుంటే రెండున్నర నిమిషాల మ్యాచ్ రెప్పపాటులో అయిపోయేది. సేఫ్టీ గ్లాసులు పెట్టుకుని, టీములు రోబోల్ని బాగుచేసుకునే పిట్‌లోకి వెళ్లండి, అసలు పోటీ అక్కడుంది. పదడుగుల చదరంలో ఒకరు బ్యాటరీ మారుస్తుంటే, ఇంకొకరు తర్వాతి మ్యాచ్‌లో తమ పక్షం రంగుకి తగ్గట్టు బంపర్ల ఎర్రగుడ్డ తిప్పి నీలం చేస్తున్నారు. గురువారం మా గేర్‌బాక్స్ పాడైపోయింది. పక్క పిట్‌లోని తుర్కియే పిల్లలు వాళ్ల స్పేర్ ఇచ్చి, బిగించేదాకా పక్కనే కూర్చున్నారు. తర్వాతి మ్యాచ్‌లో వాళ్లే మాకు ప్రత్యర్థులు. ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ ‘గ్రేషస్ ప్రొఫెషనలిజం’ అన్నది దీన్నేనని అప్పుడు తెలిసింది. నాకు కళ్లు చెమర్చాయి.

ముందున్న టీములు నాకౌట్ మ్యాచ్‌లకు జతగాళ్లను (అలయన్స్‌లు) ఎంచుకునేటప్పుడు మా టీమ్ నంబర్ ఎవరూ పిలవలేదు. కాసేపు ఏడ్చి, మా అమ్మాయి తుర్కియే టీమ్ జెండా పట్టుకుని అరవడానికి వెళ్లింది.

తిరుగు టికెట్ ఆదివారానికి తీసుకోండి. డివిజన్ విజేతలు ‘ఐన్‌స్టీన్’ అనే ఫైనల్స్ ఫీల్డ్ మీద తలపడేది శనివారమే. మేం శనివారం సాయంత్రం ఫ్లైట్ కొనేసి, ఫైనల్స్‌ని హాబీ గేటు దగ్గర ఫోన్‌లో చూశాం. పిల్లలందరూ నేల మీద కూర్చుని, ఒకే స్క్రీన్ మీదికి వంగి.