గ్యారంటీ ఇచ్చిన సెంటర్, లోపలికి రమ్మన్న సెంటర్: అనంతపురంలో మా ఏడాదిన్నర

నేను అనంతపురంలో బోరు మోటార్లకు రీవైండింగ్ చేస్తాను. రివ్యూలు రాసే అలవాటు నాకు లేదు, ఎప్పుడో ఒకసారి ఒక డ్రిల్లింగ్ మిషన్ గురించి తిట్టి రాశాను, అంతే. మావాడికి నాలుగేళ్లు దాటాయి, ఆటిజం అని తేలి ఏడాదిన్నర. ఈ లోపల రెండు థెరపీ సెంటర్లు చూశాం, ఒకటి మానేశాం, ఒకటి నడుస్తోంది. రెండింటి పేర్లూ రాయను. మొదటిదాని పేరు రాస్తే గొడవ, రెండోదాని పేరు రాయొద్దని అక్కడి మేడమే చెప్పింది, ఉన్న పిల్లలకే స్లాట్లు చాలడం లేదట. పేర్లు లేని రివ్యూ ఏం రివ్యూ అంటారా, మీది కర్నూలో కడపో అయితే మీరు వెళ్లే సెంటర్ ఎటూ వేరే ఉంటుంది, చూసుకోవాల్సినవి మాత్రం ఇవే ఉంటాయి.

వాడికి రెండేళ్లు నిండేసరికి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఏదైనా కావాలంటే వేలు చూపించడు, నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి దాని మీద పెడతాడు. షాపులో కాయిల్ చుట్టే మిషన్ తిరుగుతుంటే గంటసేపు కదలకుండా చూసేవాడు, నాకు మొదట్లో గర్వంగానే ఉండేది, నా పనికి వారసుడొచ్చాడని. మా అవ్వ అయితే "మీ నాయన కూడా నాలుగేండ్లకు గానీ నోరు తెరవలేదు, ఊరికే టెన్షన్ పడొద్దు నాయనా" అని వసకొమ్ము అరగదీసి వాడి నాలుక్కి రాసేది. చూపించిన పిల్లల డాక్టరు కూడా "మూడేళ్లు రానీండి, చూద్దాం" అన్నాడు. అలా ఆర్నెల్లు పోయాయి. ఎం-చాట్ అని ఇరవై ప్రశ్నల పేపరు ఒకటుంది, పదహారు నుంచి ముప్పై నెలల మధ్య పిల్లలకు పెడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు. దాంతో ఆటిజం అని తేల్చేయరు, ఇంకా బాగా చూడాలా వద్దా అన్నది తెలుస్తుంది. ఆ ఆర్నెల్లలో ఎవరైనా ఆ పేపరు మా చేతికిచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

చివరికి మా బావమరిది బలవంతం మీద బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక, నరాల జబ్బుల పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. నాలుగు గంటల దారి, పొద్దున్నే వెళ్లినా సాయంత్రం దాకా పట్టింది, రద్దీ అలాంటిది. కానీ అక్కడ చూసిన డాక్టరమ్మ ఒక మాట సూటిగా చెప్పింది, ఇది తగ్గించడానికి మందు లేదు, నిద్ర పట్టకపోవడం లాంటివి మరీ ఇబ్బంది పెడితే వాటికి మందులుంటాయి, మిగతాదంతా నేర్పించడమే, మీరే ఎక్కువ నేర్పించాలి అని. మా ఆవిడ ఆ రోజు బస్సులో పెనుకొండ దాటేదాకా ఏడ్చింది. నాకేమో విచిత్రంగా కాస్త ఊరట కలిగింది, ఎవరో ఒకరు ఉన్నది ఉన్నట్టు చెప్పారని.

ఆ ఊరట ఎక్కువ రోజులు నిలవలేదు, మొదటి సెంటర్ తగిలింది.

ఏసీ, గోడలకు రంగులు, బోర్డు మీద నవ్వుతున్న పిల్లలు, ఏప్రిల్ 2న ఆటిజం దినోత్సవానికి నీలం బెలూన్లు. లోపల కుర్చీలో ఉన్నాయన మావాణ్ని పది నిమిషాలు కూడా చూడలేదు, రిపోర్టు తిరగేసి "ఆరు నెలల్లో మాటలు గ్యారంటీ, ఏడాదిలో నార్మల్ స్కూల్" అన్నాడు. నేను మెకానిక్‌ను కదా, మోటారు విప్పకుండానే గ్యారంటీ ఇచ్చేవాడి సంగతి నాకు తెలుసు. తెలిసీ మూడు నెలల ప్యాకేజీకి నలభై ఐదు వేలు ఒకేసారి కట్టాను. బిడ్డ విషయంలో మనిషి తెలివి ఎక్కడికి పోతుందో తెలియదు.

సెషన్ ముప్పావు గంట అని రాసిచ్చారు, అరగంటకే పిల్లోణ్ని బయటికి పంపేవాళ్లు. అద్దానికి నల్ల ఫిల్మ్ అంటించారు, మేం బయట కుర్చీల్లో. లోపల ఏం చేస్తున్నారని అడిగితే "పేరెంట్స్ ఉంటే కోఆపరేట్ చేయడు సార్" అన్న మాటే మళ్లీ మళ్లీ. రెండో నెలలో గోధుమ, పాలు పూర్తిగా మానేయమన్నారు, పైగా అక్కడే అమ్మే పౌడరు డబ్బాలు నెలకు నాలుగు వేలు. గోధుమ మానడానికి మాకేం ఇబ్బంది, రాగి సంగటి, జొన్న రొట్టె తినే ఇల్లు మాది. కానీ మావాడు తినేదే రెండు రకాలు, పెరుగన్నం, ఒకే కంపెనీ బిస్కెట్టు. రెండూ పోయాయి. పదిహేను రోజుల్లో పిల్లోడు పీక్కుపోయాడు, రాత్రుళ్లు ఆకలికి లేచి ఏడ్చేవాడు, మేం ఇది కూడా ఆటిజమే అనుకున్నాం. ఆ డైట్‌తో ఆటిజం తగ్గుతుందని గట్టి రుజువేమీ లేదని తర్వాత తెలిసింది. నిజంగా పాలు పడని పిల్లలుంటే అది వేరే సంగతి, దానికి వేరే డాక్టరు ఉంటాడు.

ఒకరోజు థెరపిస్టుకు ఆర్‌సీఐ నంబరు ఉందా అని అడిగాను. ముఖం మాడిపోయింది. ఇది అందరూ తెలుసుకోవాలి. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, 1992 చట్టం అది. నంబరు ఇస్తే వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఆక్యుపేషనల్ థెరపీ (తినడం, బట్టలేసుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పేది), ఫిజియోథెరపీ వాళ్లు ఆ లెక్కలోకి రారు, కాబట్టి వాళ్లకు ఆ నంబరు లేదని దొంగలనుకోవద్దు, ఏం డిగ్రీ, ఎక్కడ చదివారు అని అడగండి. అడిగితే కోప్పడేవాళ్ల దగ్గర మాత్రం లేచి వచ్చేయండి. మేం ప్యాకేజీలో నెల మిగిలుండగానే వచ్చేశాం, డబ్బులు వెనక్కి రాలేదు.

రెండోది పాతూరు వైపు ఒక సందులో. కింద పిండిమిల్లు, పైన రెండంతస్తులెక్కితే రెండు గదులు. బోర్డు కూడా సరిగా కనపడదు. ఒక్కతే మేడమ్, స్పీచ్ థెరపిస్టు, గోడకు ఆర్‌సీఐ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంది, అడగాల్సిన పనే లేకపోయింది. మొదటి రోజు గంటన్నర కూర్చోబెట్టింది. వాడు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు, దేనికి నవ్వుతాడు, ఎవరి ఒళ్లో నిద్రపోతాడు. "ఎన్నాళ్లకు మాట్లాడతాడు మేడమ్" అంటే "చెప్పలేనన్నా, మూడు నెలలు చూసి ఏం మారిందో కాగితం మీద రాసిస్తాను" అంది. నలభై ఐదు వేలు కట్టినచోట దొరకని మాట ఐదొందల ఫీజుకు దొరికింది.

ఇంకోటి, అమ్మానాన్నల్లో ఒకరు లోపల కూర్చోవాల్సిందే. మొదట్లో నాకు చిరాకేసింది, షాపు మూసుకుని రావాలి కదా. కానీ రెండో వారంలోనే అసలు పని అర్థమైంది. వాడికి తిరిగేవంటే పిచ్చి అని చెప్పాను కదా, ఫ్యానైనా అంతే, పాత సెంటర్లో ఫ్యాన్ వైపు చూస్తే గడ్డం పట్టుకుని ముఖం తిప్పేవాళ్లట, వాడు ఇంట్లో మా ఆవిడకు అదే చేసి చూపించాడు. ఈవిడ చిన్న టేబుల్ ఫ్యాన్ తెచ్చి వాడి ముందు పెట్టింది. తిప్పింది, ఆపింది, ఊరుకుంది. వాడు ఆమె చెయ్యి లాగాడు. ఆమె కదల్లేదు, వాడి ముఖంలోకి చూస్తూ ఆగింది. ఎంతసేపో. వాడు తలెత్తి ఆమె కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు, వెంటనే ఫ్యాన్ తిప్పింది. అంతే క్లాసు. "ఇదే మీ షాపులో రోజుకు పదిసార్లు చేయండన్నా, నా దగ్గర వారానికి రెండు గంటలే ఉంటాడు, మీ దగ్గర మిగతాదంతా" అని పంపింది.

షాపులో చేశాను. పాత కూలర్ మోటారు ఒకటి వాడి కోసమే బల్ల మీద బిగించాను. ఐదో నెలలో ఒక మధ్యాహ్నం కస్టమర్‌తో మాట్లాడుతూ మోటారు ఆపి మర్చిపోయాను, వెనక నుంచి "తిప్పు" అని వినపడింది. నేను ఆ కస్టమర్ దగ్గర డబ్బులు తీసుకోవడం కూడా మర్చిపోయాను. ఇప్పుడు ఓ పన్నెండు మాటలున్నాయి. మాట రానివాటికి బొమ్మల కార్డులు, నీళ్లు, బయటికి, నొప్పి, వద్దు. కార్డులు అలవాటు చేస్తే మాట్లాడటం మానేస్తాడేమో అని మా అమ్మ భయపడింది, అలా ఏమీ జరగదట, మావాడి విషయంలో అయితే కార్డు ఇస్తూనే మాట కూడా అంటున్నాడు.

లోపాలు లేవనుకోవద్దు. ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ చేసే ఆయన శనివారం మాత్రమే బెంగళూరు నుంచి వస్తాడు, రెండు వారాలకోసారి రాడు కూడా. మేడమ్ ఊరెళ్తే పది రోజులు క్లాసుండదు, బదులు మనిషి లేరు. ఫోన్ ఎత్తదు, సాయంత్రం మెసేజ్‌కు జవాబిస్తుంది. బయట కూర్చునే వరండా రేకులది, ఏప్రిల్ నెలలో అనంతపురం ఎండ సంగతి చెప్పాలా. కానీ ప్రతి సెషన్‌కూ రిజిస్ట్రేషన్ నంబరుతో బిల్లిస్తుంది. మొదటివాళ్లు తెల్ల చీటీ మీద రాసిచ్చేవాళ్లు.

ఆ బిల్లు ఎందుకు ముఖ్యమంటే, నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ల నిరామయ అని ఇన్సూరెన్స్ ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. ముందు డబ్బు మనం కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. దానికీ, మిగతా అన్నిటికీ ముందు వైకల్య సర్టిఫికెట్ కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది, ఆటిజం అందులో ఉంది. మనకు సచివాలయంలోనో మీసేవలోనో సదరం, అంటే ఆ సర్టిఫికెట్ కోసం పరీక్ష చేసే క్యాంపుకు స్లాట్ బుక్ చేసుకోవాలి. ఐసా అని నలభై అంశాల స్కేలుతో చూస్తారు, డెబ్బై మార్కుల నుంచి ఆటిజం కింద లెక్క, మావాడికి తొంభై పైన వచ్చింది. సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతం, ఆపైన ఉండి మిగతా నిబంధనలు సరిపోతే పింఛను కూడా వస్తుంది, 2024 జూలై నుంచి అది ఆరు వేలు. మా నాన్న ఒప్పుకోలేదు, "పిల్లోని మీద ముద్ర ఏస్తావా" అని నెల రోజులు నాతో మాట్లాడలేదు. ముద్ర సంగతేమో గానీ థెరపీ డబ్బులు ఎక్కడినుంచి తేవాలి చెప్పండి.

ఇక ఆటిజం గురించి చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సమాచారం. దీనికి రేటింగ్ ఇస్తే చుట్టాలకు సున్నా. సెల్లు చూపించడం వల్లే వచ్చిందని మా ఆవిణ్ని అనని మనిషి లేడు. సెల్లు తగ్గించాలి, తగ్గించాం, దానివల్ల మాతో ఆడుకునే టైము పెరిగింది, కానీ ఆటిజం సెల్లు వల్ల వచ్చేది కాదు. టీకా వల్ల అని ఒకాయన వీడియో పంపాడు, అది చూసి వాడి చెల్లెలు, మా పాపకు తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేయించకుండా ఆపాం. ఏఎన్ఎం రెండుసార్లు ఇంటికొచ్చి అడిగింది, మూడోసారి నేనే వివరంగా కనుక్కున్నాను. 1998లో వేక్‌ఫీల్డ్ అనే ఇంగ్లండు డాక్టరు పన్నెండు మంది పిల్లల్ని చూసి రాసిన పేపరుతో మొదలైంది ఆ పుకారు, దాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయింది. మరుసటి వారం పాపకు టీకా వేయించాం. మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్ అని లక్షలు చెప్పినవాళ్లూ ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది మామూలు వైద్యం కింద ఇవ్వకూడదు, అనుమతి ఉన్న పరిశోధనలో తప్ప. పరిశోధన అయితే మన దగ్గర డబ్బు ఎందుకు అడుగుతారో మీరే ఆలోచించండి.

ఒక నంబరుకు మాత్రం పూర్తి మార్కులు. 14416, టెలి మానస్, మనసు బాగాలేనివాళ్లు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను. వాడి కోసం చేయలేదు, మా ఆవిడ కోసం. నిద్ర లేదు, అన్నం తినదు, అంతా నా తప్పే అంటుంది. ఒక రాత్రి పన్నెండున్నరకు తనే చేసింది, తెలుగులో మాట్లాడారు, డబ్బులేం లేవు, నలభై నిమిషాలు విన్నారు. అవతలి మనిషి ఏం చెప్పిందో నాకు చెప్పలేదు గానీ పెట్టేశాక పెరుగన్నం కలుపుకుని తినింది.

పోయిన నెల ఉరవకొండ వైపు నుంచి ఒక పెద్దాయన కాలిపోయిన మోటారు తెచ్చాడు. మావాడు బల్ల దగ్గర తిప్పు తిప్పు అంటుంటే చాలాసేపు చూసి, "మా మనవరాలూ ఇట్లే అప్పా, ఆరేండ్లు, యాడా చూపీలేదు" అన్నాడు. టౌనుకు వారం వారం తేవడం వాళ్లవల్ల కాదు. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే టీచర్లుంటారు, ముందు అక్కడ పేరు రాయించమని చెప్పాను, సదరం గురించి చీటీ మీద రాసిచ్చాను. ఆయన మోటారు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు పాపను కూడా తెచ్చాడు, మేడమ్‌కు ఒకసారి చూపించాం, ఇంట్లో చేయాల్సినవి వాళ్ల కోడలికి గంటసేపు నేర్పి పంపింది. ఆ రోజు ఫీజు తీసుకోలేదు.

ఎలాగో కనుక్కుని ఆ రెండో సెంటర్‌కు వెళ్లేవాళ్లకు రెండు మాటలు. మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లొద్దు. నీళ్ల బాటిల్ మర్చిపోవద్దు. కింద పిండిమిల్లు నాలుగింటికి ఆపేస్తారు, శబ్దం పడని పిల్లలైతే నాలుగు తర్వాత స్లాటే అడగండి, మావాడికి అది దొరకడానికి రెండు నెలలు పట్టింది.