కిట్ కారు బానెట్‌కి బల్జ్: ఏళ్లపాటు నడిపాక

విడిభాగాల కిట్ తెప్పించి సొంతంగా కట్టుకున్న కిట్ కారు బానెట్‌కి బల్జ్ (పైకి ఉబ్బిన భాగం) పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. ఇంజన్ లోపల పట్టకపోతే పెట్టుకోక తప్పదు కూడా. కొత్తలో అందరి కళ్లూ దాని ఆకారం మీదే ఉంటాయి. వాడేకొద్దీ మనకి పని పెట్టేది మాత్రం ఆకారం కాదు, బల్జ్ వచ్చి రేకుని కలిసే అంచు. నా కారులో ఆ అంచుని పుట్టీతో పూడ్చి దాచలేదు, పైకి కనిపించేలాగే వదిలేశాను. ఈ సమీక్షలో నేను గట్టిగా వెనకేసుకొచ్చేది ఆ ఒక్క నిర్ణయాన్నే. మిగతావాటిలో కొన్ని బాగున్నాయి, కొన్నిటిని సర్దుకుపోవాలి.

కారు లోటస్ సెవెన్ అనే చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తరహాది. స్టీలు పైపుల ఛాసిస్, అల్యూమినియం రేకు బానెట్. కీళ్లు ఉండవు, నాలుగు క్లిప్పులు తీసి బానెట్ మొత్తాన్ని ఎత్తి పక్కన పెట్టాలి. లోపల ట్విన్ క్యామ్ (వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్టులు రెండు ఉన్న) నాలుగు సిలిండర్ల ఇంజన్, పక్కకి దానికి గాలి వదిలే థ్రాటిల్ బాడీలు. సెవెన్ 1957లో వచ్చినప్పుడు అందులో ఎక్కువగా పెట్టింది ఫోర్డ్ 1172 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్. వాల్వులు బ్లాక్‌లోనే సిలిండర్ల పక్కన ఉండటంతో అది పొట్టిగా ఉండేది, ఆ బానెట్ ఎత్తుకి సరిపోయేది. ఇప్పుడు మనం పెట్టే ఇంజన్లలో రెండు క్యామ్‌షాఫ్టులు ఇంజన్ తల మీదే కూర్చుంటాయి. పైగా అవి ఎత్తు బానెట్ ఉన్న మామూలు కార్ల కోసం చేసినవి. నా దాంట్లో ట్యాపెట్ కవర్ (ఇంజన్ తల మీది మూత) ముందు భాగం, ఆయిల్ పోసే మూత బానెట్ గీత దాటి పైకి వచ్చాయి.

బల్జ్ అక్కర్లేకుండా ఇంజన్‌నే కిందికి దించొచ్చు కదా అని అందరూ అడుగుతారు. దించాలంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ కోసి పొట్టి చేయాలి. అప్పుడు ఆయిల్ తక్కువ పడుతుంది. మలుపుల్లో అది ఒక పక్కకి పోతే పంపుకి అందదు కాబట్టి లోపల అడ్డు పలకలు కూడా వెల్డింగ్ చేయించాలి. డ్రై సంప్ (ఆయిల్‌ని విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటు) పెడితే ఈ గొడవ ఉండదు కానీ దాని ఖర్చు వేరే లెవెల్. ఛాంబర్ కోయకుండా దించితే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ప్రతిసారీ టెన్షన్. రేకు పైన ఉబ్బు చూడటానికి బాగోదేమో అనుకునేవాళ్లు 1961 జాగ్వార్ ఈ టైప్‌ని గుర్తు చేసుకోండి. పొడవాటి ఆరు సిలిండర్ల ఇంజన్‌కి చోటివ్వడానికి బానెట్ మధ్యలో చేసిన ఉబ్బే ఆ కారు ముఖానికి అందం తెచ్చింది. 1967లో వచ్చిన ఎంజీసీ అనే స్పోర్ట్స్ కారుకి ఇంజన్ కోసం ఒక ఉబ్బు, దాని మీద కార్బురేటర్ కోసం ఇంకో బుడిపె పెట్టారు. అది అంత అందంగా లేదన్నది నా అభిప్రాయం, కానీ ఎందుకు పెట్టారో చూడగానే తెలుస్తుంది.

కొలతల దగ్గర ఎంత ఓపిక పడితే అంత మంచిది. ఆగి ఉన్న ఇంజన్ ఎత్తు కొలిచి, పైన ఒక వేలు సందు వదిలి బల్జ్ చేస్తే చాలదు. రబ్బరు మౌంటింగుల మీద కూర్చున్న ఇంజన్ స్థిరంగా ఉండదు. ఫస్ట్ గేరులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ తల ఒక పక్కకి ఒరుగుతుంది, తీసేస్తే వెనక్కి వస్తుంది, గుంతలో పడితే పైకి లేస్తుంది. ఎంత కదులుతుందో తెలుసుకోవడానికి నేను బానెట్ తీసేసి, ఛాసిస్ పైపుకి ఒక ఇనుప కడ్డీ వంచి బిగించాను. దాని కొన ట్యాపెట్ కవర్ మూలకి పైన నిలిచేలా పెట్టి, కవర్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద 25 మిల్లీమీటర్ల ఎత్తున అంటించి, కడ్డీ కొనకి ఆనించాను. కార్లు తిరగని మూసిన ఆవరణలో గట్టిగా నడిపి, బ్రేకులు కొట్టి, దిగి చూస్తే ఒరిగే పక్కన ముద్ద 14 మిల్లీమీటర్లకి నొక్కుకుపోయి ఉంది. రెండో పక్కన కూడా ఇలాగే చేసి చూస్తే పెద్దగా మార్పు లేదు. అంటే బల్జ్ ఇంజన్‌కి నడిమధ్యన ఉండనక్కర్లేదు, ఒక పక్కకి కాస్త ఎక్కువ చోటు కావాలి. కదలిక పోగా ఇంకో 10 మిల్లీమీటర్లు వదిలాను, ఎందుకంటే మౌంటింగు రబ్బరు పాతబడితే కదలిక పెరుగుతుంది. ఆ పది మిల్లీమీటర్లే తర్వాత కాపాడాయి. మొన్న రబ్బర్లు మార్చేటప్పుడు బల్జ్ లోపలి వైపు వెతికాను, ఒక్క రాపిడి గీత కూడా లేదు.

రెడీమేడ్ బల్జ్ కూడా దొరుకుతుంది. ముందు ఒకటి తెప్పించాను. ఆకారం బాగుంది కానీ అంచు చుట్టూ ఒకే మట్టంలో లేదు. బానెట్ మీద పెడితే ఒక మూల రేకుని తాకేది, ఎదుటి మూల చిటికెన వేలంత పైకి లేచేది. నొక్కి బిగిస్తే రేకే వంకర పోతుంది. అమ్మినవాళ్లు ‘హీట్ గన్‌తో సరిచేసుకోండి’ అన్నారు. వెనక్కి పంపేసి నేనే చేసుకున్నాను.

తయారీ గురించి క్లుప్తంగా చెబుతాను. గట్టి పాలియురేథేన్ ఫోమ్‌ని రంపంతో, ఆకురాయితో చెక్కి, పుట్టీ పూసి, వాటర్ పేపర్‌తో నున్నగా తోమి, దాని మీద అచ్చు తీసి, అచ్చులో ఫైబర్ (రెజిన్ అనే జిగట ద్రవంతో తడిపిన గాజు పోగుల మ్యాట్) పోశాను. ఫోమ్ బదులు థర్మాకోల్ వాడొద్దు, పాలిస్టర్ రెజిన్ తగలగానే కరిగిపోతుంది. మ్యాట్ చదరపు మీటరుకి 450 గ్రాములది రెండు పొరలు వేస్తే దాదాపు 2 మిల్లీమీటర్ల మందం వస్తుంది, బల్జ్‌కి అది చాలు. రెజిన్‌ని గడ్డకట్టించే హార్డ్‌నర్ 1 నుంచి 2 శాతం మధ్య ఉండాలి. ఎండాకాలంలో ఒక శాతం దగ్గరే ఆగితే బ్రష్ చేతిలో ఉండగానే గిన్నెలో గడ్డకట్టదు. అంచు చుట్టూ 30 మిల్లీమీటర్ల బల్లపరుపు పట్టీ వదలాలి, జిగురు పట్టేది అక్కడే.

రేకు కోసేటప్పుడు మూలలు పదునుగా ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే ముందు నాలుగు మూలల్లో గుండ్రటి రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ కోశాను. బానెట్‌కి నడుమ అంత పెద్ద కంత పడితే రేకు గట్టితనం పోతుంది, చేత్తో ఎత్తితేనే తెలిసిపోతుంది. బల్జ్ పట్టీ ఆ గట్టితనాన్ని వెనక్కి తెస్తుంది. నిజానికి అంటించాక నా బానెట్ ముందుకంటే తక్కువ డబడబలాడుతోంది.

ఇక ఆ అంచు సంగతి. బల్జ్ పట్టీని రేకు కిందనుంచి పెట్టి, నల్లటి పాలియురేథేన్ జిగురుతో అంటించాను. జిగురు పలచగా పిండకుండా 2, 3 మిల్లీమీటర్ల మందం ఉండేలా మధ్యలో చిన్న చిన్న రబ్బరు ముక్కలు పెట్టాను. రేకుని గరుకు చేసి ప్రైమర్ వేయకుండా అల్యూమినియం మీద ఆ జిగురుని నమ్మలేం. పైన కోత అంచుకీ బల్జ్‌కీ మధ్య 3 మిల్లీమీటర్ల గాడి వదిలి, దాన్ని కూడా అదే నల్ల జిగురుతో నింపాను. చూసినవాళ్లు ‘పుట్టీ పెట్టి కలిపేస్తే ఒకటే రేకులా ఉండేది కదా’ అంటారు. అవును, పెయింట్ కొత్తగా ఉన్నన్నాళ్లు అలాగే ఉంటుంది. కానీ పలచటి రేకు ఊగే తీరు వేరు, ఫైబర్ ఊగే తీరు వేరు. రెండిటి మధ్య గట్టిపడ్డ పుట్టీకి సాగే గుణం లేదు. ఇంచుమించు ఇలాంటి కారే కట్టుకున్న ఒక మిత్రుడు పుట్టీతో నున్నగా కలిపేశాడు. రెండో ఎండాకాలానికి సరిగ్గా ఆ కలిపిన చోటే వెంట్రుకంత గీత లేచింది. తోమి మళ్లీ పెయింట్ వేయిస్తే మళ్లీ అక్కడే వచ్చింది. నా గాడి మాత్రం మొదటినుంచీ గీతే కాబట్టి కొత్తగా గీత పడే ప్రశ్న లేదు.

దానికీ వయసు మీద పడింది, కాదనను. ఎండకి పైపొర బూడిదరంగుకి తిరిగింది, గోటితో గీకితే పొడి రాలుతోంది. లోపల రబ్బరులాగే సాగుతోంది. పైన ఒక మిల్లీమీటరు బ్లేడుతో తీసేసి కొత్త జిగురు పూస్తే పోయింది. వాన నీళ్లు లోపలికి కారడం ఇంతవరకూ చూడలేదు.

పెయింట్ గురించి ఒక అసంతృప్తి ఉంది. ముదురు నీలం వేయించాను. మంచి ఎండలో ఏటవాలుగా చూస్తే ఫైబర్ మ్యాట్ పోగుల జాడ పెయింట్ కింద లీలగా కనిపిస్తుంది. పాలిస్టర్ పూర్తిగా గట్టిపడటానికి చాలాకాలం పడుతుంది, వేడెక్కినప్పుడల్లా ఇంకాస్త కుంచించుకుంటుంది. ముదురు రంగు ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ఆ జాడ ఇంకా బయటపడుతుంది. లేత రంగు ఇష్టపడేవాళ్లకి ఈ బెంగ తక్కువ. ఆ ముదురు రంగు మీద ఎండ తళుక్కున కళ్లలో కొడుతుందని బల్జ్ నెత్తిన మెరుపులేని నలుపు వేయించాను. అది చాలా సుఖంగా ఉంది.

వేడి ఇంకో సంగతి. మామూలు పాలిస్టర్ రెజిన్ 60, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. సైలెన్సర్ పైపులు ఉన్న పక్కన బల్జ్ లోపలికి అల్యూమినియం రేకు అతికిన హీట్ షీల్డ్ అంటించాను. అది లేకుండా చేయొద్దు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడి గాలి అంతా బల్జ్ కడుపులోనే చేరుతుంది, స్పార్క్ ప్లగ్గులకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ సరిగ్గా దాని కిందే ఉంటాయి. వాటి ప్లాస్టిక్ కనెక్టర్లు పెళుసెక్కాయి, ఒకటి మార్చాను.

‘మరి బల్జ్ వెనక వైపు తెరిచి ఉంచితే వేడి పోతుందిగా’ అని తరచూ వినిపించే సలహా. ఆగి ఉన్నప్పుడు పోతుంది. వేగంగా వెళ్తున్నప్పుడు ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి గాలి అక్కడ బయటికి పోదు, లోపలికే వస్తుంది. కొన్ని రేస్ కార్లలో ఇంజన్‌కి గాలి అందించడానికి ఆ చోటునే వాడతారు. పైగా వేగం తగ్గగానే ఇంజన్ గదిలోని ఆయిల్ వాసన నేరుగా మన ముఖానికి కొడుతుంది, సెవెన్‌లో పైకప్పు కూడా ఉండదాయె. వేడి పోవాలంటే రేడియేటర్ వెనక, బానెట్ ముందు భాగంలో కోతలు పెట్టుకోవడం మేలు. నా బల్జ్ పూర్తిగా మూసినదే.

చూపు సంగతి తక్కువగా అంచనా వేయొద్దు. ఈ కార్లలో సీటు నేలకి ఆనినంత కిందికి ఉంటుంది. 60 మిల్లీమీటర్ల బల్జ్ కూడా అవతలి పక్క రోడ్డు అంచుని కొంత మింగేస్తుంది. కాబట్టి అచ్చు తీయకముందే అట్టతో నమూనా చేసి, బానెట్ మీద టేపుతో అంటించి, సీట్లో కూర్చుని చూడాలి. నేను అలా చూశాకే వెనక చివరని ఇంకా ఏటవాలు చేశాను. అంచులన్నీ గుండ్రంగానే ఉంచాలి. బ్రిటన్‌లో ఇలాంటి కార్లని ఒక్కోదాన్నీ విడిగా చూసి అనుమతిచ్చే ఐవీఏ తనిఖీలో బయటికి తగిలే అంచులకి కనీసం 2.5 మిల్లీమీటర్ల రేడియస్ అడుగుతారు. అలాంటి తనిఖీ లేనిచోట కూడా అది పాటించదగ్గ కొలతే.

రోజువారీ ఇబ్బంది ఒకటుంది, ఎవరూ ముందుగా చెప్పరు. బానెట్ ఊడదీసి గోడకి ఆనించేవాళ్లం కదా, ఇప్పుడు బల్జ్ గోడకి తగిలి బానెట్ నిలవదు. లోపలి వైపు పైకి వచ్చేలా వెల్లకిలా నేల మీద పెడితే బల్జ్ పెయింట్ గీసుకుపోతుంది. పాత ట్యూబు ముక్కలు చుట్టిన రెండు చెక్క దిమ్మలు చేయించి షెడ్డులో ఉంచాను, బానెట్‌ని వాటి మీద బోర్లా పెడుతున్నాను.