జిప్పు చీర కవర్లు బొంతల క్యాంపుకు పనికొస్తాయా?

నాలుగు రోజులు ఒకచోట చేరి బొంతలు కుట్టే రిట్రీట్లకని ఆన్‌లైన్‌లో అరల డబ్బాలు అమ్ముతున్నారు. అంత ఖర్చు దండగ. అనంతపురం పాతూరు అంగళ్లలో చీరలకు వేసే జిప్పు కవర్లు డజను చాలు. ఒకపక్క నాన్‌వోవెన్ గుడ్డ, ఇంకోపక్క లోపలిది కనబడే ప్లాస్టిక్ ఉన్నవే అడగండి. రెండుపక్కలా ప్లాస్టిక్ అయితే గాలి ఆడదు. ఇస్త్రీ చేసిన ముక్కలు ఆరకముందే పెట్టారంటే తేమ పట్టి ముక్కిన వాసన కొడతాయి.

డజను ఎందుకంటే, 48కి 60 ఇంచుల బొంతకు ఆరు ఇంచుల చదరాలు వరసకు 8, వరసలు 10. వరసకో కవరు. కుట్టుకు నాలుగు పక్కలా పావు ఇంచు పోతుంది గనక ముక్కను ఆరున్నరకు కత్తిరించాలి. 44 ఇంచుల పన్నాలో పట్టీకి 6 ముక్కలు, 80 ముక్కలకు 14 పట్టీలు. రెండున్నర మీటర్లు పడుతుంది, రంగులు పెరిగితే ఇంకో అర మీటరు. ఉతకడం, ఇస్త్రీ, కత్తిరింపు ఇంట్లోనే ముగించాలి. ఎర్ర కలంకారీని తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే పక్క ముక్కలన్నీ పాడే.

పదకొండో కవర్లో అడుగు గుడ్డ. అది చుట్టూ 4 ఇంచులు ఎక్కువగా, 56కి 68 ఉండాలి. పాత నేతచీరలో 56 ఇంచుల ముక్కలు రెండు తీసి అంచులు జోడిస్తే వచ్చేస్తుంది, సగం చీర మిగులుతుంది కూడా.

పన్నెండో దాంట్లో దారం, నింపిన బాబిన్లు, అంచు పట్టీలు. రెండున్నర ఇంచుల వెడల్పున 6 పట్టీలు కావాలి. చుట్టుకొలత 216, అయిదు పట్టీలు కలిపితే 220 వస్తుంది గానీ జాయింట్లకూ మూలల మలుపుకూ ఆ నాలుగించులు ఏ మూలకు?

లోపాలూ ఉన్నాయి. బొంత మధ్యలో పెట్టే దూది షీటు వీటిలో పట్టదు, చుట్టచుట్టి దుప్పట్లో మూటగట్టాల్సిందే. గుండుసూదులు ప్లాస్టిక్‌ను చీల్చేస్తాయి, వాటికి రేకు డబ్బా వేరే. వరస నంబరు చీటీ లోపల జారిపోతుంది, దాన్ని ఎడమ చివరి ముక్కకే పిన్నీసుతో పెట్టండి. జిప్పు రన్నర్లు నాసిరకం. అంగట్లోనే నాలుగుసార్లు లాగి చూసి, పట్టేసినవి అక్కడే మార్చుకోండి.

ఒకటి మాత్రం ఏ కవరూ కాపాడలేదు. కుట్టు పావు ఇంచు దాటి పదహారో వంతు లోపలికి పోయినా, 7 కుట్ల వరసలో ముప్పావు ఇంచు పైనే తగ్గుతుంది. క్యాంపులో ఇంకొకరి మిషన్ వాడేట్టుంటే ముందు రెండు తునకలు కుట్టి టేపు పెట్టి చూడండి.